చేంతాడు, జీడిపాకము: ఎడతెగమిని దెలుపు రెండు మాటల విచారణ

గ్రంథసమీక్షలలో తఱచుగా గానవచ్చు రెండు మాటలను గూర్చి యీ వ్యాసమున విచారింపదలచితిని. నవల పెద్దదైనచో సమీక్షకుడు దానిని "కొండవీటి చేంతాడు" అనును. విసుగు పుట్టించినచో "జీడిపాకము" అనును. ఒకే గ్రంథమును ఒకే వాక్యమున రెండును అనుట కూడ కలదు. రెండింటికిని "అంతులేని దీర్ఘత" అని యొకే యర్థము చెప్పి యూరకుండుట మనకు వాడుకయైనది. కాని యివి వేఱువేఱు వస్తువులనుండి పుట్టిన మాటలు. వాక్యమున వీని నడక వేఱు. కావ్యముపై నివి చెప్పు తీర్పులును వేఱు. ఈ భేదమును విస్మరించుటవలన విమర్శకు గలుగు నష్టము చిన్నది కాదు.

తెలుగున నెడతెగమిని జెప్పు మాటలకు కొఱత లేదు. వానిని మూడు తెగలుగ విభజింపవచ్చును. "ఎడతెగని", "తెమలని", తెలంగాణమున వినవచ్చు "ఒడవని" అనునవి మొదటి తెగ. ఇవి వ్యతిరేక రూపములు. అంతము లేదని మాత్రము చెప్పును, ఎవ్వరిని నిందింపవు. "సాగదీయుట", "నానుచుట", "ఈడ్చుట" అనునవి రెండవ తెగ. ఇవి క్రియలు, ఆలస్యమునకు కర్త యొకడు గలడని చెప్పి యాతనిపై నేరము మోపును. "చేంతాడు", "జీడిపాకము", "కాశీమజిలీ కథ" అనునవి మూడవ తెగ. ఇవి ఉపమానములు. ఉపమానమునందు వస్తువొకటి దాగియుండును గావున, వస్తువు నెఱుగనిదే మాట బలమును దెలిసికొనజాలము. మూడవ తెగకు జెందిన మొదటి రెండు మాటలే మనకిచట ముఖ్యములు.

1. చేంతాడు: రూపము

"చేదు" ధాతువునకు నూతినుండి నీరు పైకి దీయుట యని యర్థము. పూర్వలిపిలో దీనిని అరసున్నతో "చేఁదు" అని వ్రాయుదురు. తమిళమున దీనికి సాటియైన "సేందు" అను రూపమున నకారము స్ఫుటముగ నిలిచియున్నది. కన్నడమున "సేదు" అను రూపమున నది లోపించినది. తెలుగు అరసున్న యీ రెంటికి నడుమనున్న దశకు గుఱుతు. "చేఁద" అనగా నీరు చేదు పాత్ర. దానికి గట్టు త్రాడు "చేఁదత్రాడు". నడిమి దకారము జాఱిపోగా, అరసున్నగా నున్న యనునాసికము పూర్ణబిందువై "చేంత్రాడు" అనియు, తకారముక్రింది రేఫము పోగా "చేంతాడు" అనియు రూపములేర్పడినవి. కావున నీ పదమునందలి బిందువు నడుమ వచ్చి చేరినది కాదు, ధాతువుతో బుట్టినదే.

"చాంతాడు" అను రూపమును వ్యవహారమున విరివిగ గలదు. చేట చాటయై, చేప చాపయై, చేమంతి చామంతియైనట్లే యిదియు నయ్యెను. ఈ చకారము దంత్యముగ పలుకబడును. అనంతపురము సీమయందు సామాన్యజనుల నోట తాలవ్య చకారము సకారమగుట తఱచు. చేను "సేను" అగును. చెఱువు "సెరువు" అగును. ఆ నోట చేంతాడు "సేంతాడు" అగుట స్వాభావికము. ఈ సీమ కన్నడదేశమునకు చేరువ; ఇచటి పలుకుబడి కన్నడ "సేదు"తో దానంతట నదియే పొత్తు గలిసినది.

నేటి విద్యార్థి యీ పదమును "చేయి + తాడు" అని విడదీసినచో నాతనిని దప్పుపట్టుట యంత న్యాయము కాదు. చేద నెఱుగనివానికి చేంతాడునందు చేద కనబడదు. వస్తువు మఱుగైనపుడు పదము లోపలి సంధి కూడ మఱుగగును.

2. చేంతాడు: వస్తువు

పదమును ఇంటికడ జూడవలెనన్నచో పామిడివంటి చోటు తగియున్నది. పామిడి అనంతపురము జిల్లాలో గుత్తికి దక్షిణమున, పెన్న యొడ్డున నున్న పట్టణము. భోగేశ్వరస్వామి యాలయమువలనను, బట్టల వ్యాపారమువలనను పేరుగాంచినది. పెన్న కర్ణాటకమున నందిదుర్గ ప్రాంతమున బుట్టి యీ పీఠభూమిమీదుగా బాఱును. పాఱునన్నమాటయే గాని సంవత్సరమున నధికభాగము ఇసుకయే కానవచ్చును. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలు దాటి వచ్చునప్పటికి వట్టిపోవును; ఈశాన్య ఋతుపవనములు తీరమునుండి యింత దూరము వచ్చునప్పటికి బలహీనమగును. జిల్లా సగటు వర్షపాతము సాలునకు సుమారు 550 మిల్లీమీటర్లు. 1876-78 నాటి మహాక్షామమును తెలుగువారు "ధాత కఱవు" అని సంవత్సరము పేరిటనే స్మరింతురు. ఆ క్షామమున మిక్కిలి నష్టపడిన సీమలలో నిది యొకటి.

ఇట్టి నేలపై నీటినిబట్టి నూతికి పేరు మాఱును. ఏటి యిసుకలో చేతితో త్రవ్వుకొనునది చెలమ. దానికి త్రాడక్కఱలేదు, చిప్పతో ముంచుకొందురు. మెట్లు దిగి నీటిని జేరునది దిగుడుబావి, దానికిని త్రాడక్కఱలేదు. ఎద్దులచే తోలుబానతో తోడించునది కపిలబావి. దానికి లావుపాటి మోకు కావలెను. మనిషి తన రెక్కలతో దోడుకొనునది చేదబావి. చేంతాడు దీని యాస్తి. ఏటియొడ్డున చెలమతో దీఱు నక్కఱ యేటికి దూరమైనకొలది త్రాటి నడుగును. కావున చేంతాడనునది నీటికిని మనిషికిని నడుమ నున్న దూరమునకు కొలమానము. జనుమునారయో కిత్తలినారయో కొబ్బరిపీచో పేని చేసిన యాత్రాటి పొడవు యజమాని యిచ్ఛనుబట్టి యుండదు; నీటి లోతునుబట్టి యుండును. నీరు క్రిందికి బోయిన యేట త్రాటికి త్రాడు ముడివేయవలసినదే.

ఇచట నొక చిన్న లెక్క. బారకు నాలుగు మూరలు. పది బారల లోతున నీరున్నచో, చేయి మార్చిన కొలది మూరెడు త్రాడు పైకి వచ్చుననుకొన్నను, ఒక్క చేదకు నలుబదిమాఱులు చేయి మార్చవలెను. బిందెకు రెండు చేదలు పట్టినచో ఎనుబది. ఇంటికి అయిదు బిందెలు కావలసినచో నాలుగువందలు. ఈ పని తెల్లవాఱినది మొదలు ఆడువారిది. చూచువానికి చేంతాడు పొడుగైన వస్తువు మాత్రమే. చేదు నామెకు అది మూరమూరగా చేతులలో నడచు కాలము. విసుగను నర్థము పొడుగను నర్థమునుండి యెట్లు పుట్టెనో తెలియవలెనన్నచో, నిఘంటువునకన్న నూతి యొరపై త్రాడొరసి యొరసి పడిన గాడులు మేలైన సాక్ష్యములు.

అయినను ఒక విశేషమును మఱవరాదు. చేంతాటికి తుద గలదు. ఆ తుదను నీరు గలదు. ఎంత పొడుగైనను ఆ పొడుగునకు ప్రయోజనము గలదు. ఒక మూర తక్కువైనచో చేద నీటినందదు. విసుగు దోడువాని శ్రమనుండి వచ్చినది గాని వస్తువుయొక్క వ్యర్థతనుండి వచ్చినది కాదు.

3. కొండవీటి చేంతాడు

ఈ మాటకు ముందు "కొండవీటి" యను విశేషణము చేరుట సర్వాంధ్రమున గలదు. కొండవీడు నేటి పల్నాడు జిల్లాలోని గిరిదుర్గము, రెడ్డిరాజుల రాజధాని. దుర్గము కొండపై నుండుటచే నూతులు మిక్కిలి లోతనియు, అందుచే నచటి త్రాళ్లు మిక్కిలి పొడుగనియు సామాన్యముగ జెప్పు వివరణము. వినుటకిది యింపుగనున్నది గాని సంపూర్ణముగ గ్రహింపదగినది కాదు. ఆ కొండపైననే చెఱువులు గలవు. దుర్గవాసుల నీరంతయు నగాధముననే యుండెననుట పొసగదు.

పామిడివాని దృష్టితో జూచినచో మఱియొక యంశము తేలును. పామిడికి గిరిదుర్గము కావలసినచో గుత్తి కంటి యెదుటనే యున్నట్లు లెక్క. ఆ దుర్గమునందును నూతులు గలవు. అయినను లోకము "గుత్తి చేంతాడు" అనలేదు; కొండవీడును కన్నెఱుగనివాడు సైతము "కొండవీటి చేంతాడు" అనుచున్నాడు. దీనినిబట్టి రెండు మాటలను వేఱుపఱుపవలెను. ఒంటిగా నున్న "చేంతాడు" అనుభవమునుండి వచ్చిన మాట. "కొండవీటి చేంతాడు" విని నేర్చిన పలుకుబడి. అందు ఊరిపేరు కొలతను బెంచుటకై చేరినది, లోతును దెలుపుటకు గాదు. మొదటిదానియందు నీరు గలదు. రెండవదానియందు వట్టి పొడుగే మిగిలినది. సమీక్షకులు వాడునది రెండవదే.

4. జీడిపాకము

ఈ మాటకు రెండు వివరణములు చెప్పవచ్చును. జీడి యనగా చాకలివారు బట్టలకు గుఱుతుపెట్టు నల్లజీడి గింజ. దాని రసము జిగటది, అంటినచో వదలదు. ఆ జిగటనుబట్టి యీ మాట వచ్చెననుట యొకటి. తిరునాళ్లలో నమ్ము జీళ్లనుబట్టి వచ్చెననుట రెండవది. ఇందు రెండవదే యుచితమని నా తలంపు. "పాకము" అను పదము బెల్లముతోను చక్కెరతోను పొసగునట్లు గింజరసముతో పొసగదు. మఱియు నీ మాట వెంట నెప్పుడును వచ్చు క్రియ "సాగు" అనునది, "అంటు" అనునది కాదు. గింజరసము అంటును, జీళ్ల పాకము సాగును. తినుబండమునకు జీడి యను పేరు గింజయొక్క జిగటనుబట్టి వచ్చియుండవచ్చును గాని, పలుకుబడి మాత్రము పాకమునుండియే పుట్టినదనుట సమంజసము.

జీళ్లు చేయు విధమును జూచినచో నర్థము విశదమగును. బెల్లమును ముదురుపాకము వచ్చువఱకు కాచి, పోసి, కొంత చల్లాఱినపిమ్మట, చేయి పట్టుటకు వీలైన వేడిమి యుండగనే మేకునకు దగిలించి లాగుదురు. లాగినదానిని మడిచి మఱల తగిలించి మఱల లాగుదురు. అది బారెడు సాగును, మఱల ముద్దయగును, మఱల బారెడు సాగును. ఎన్నిమాఱులు లాగినను బెల్లము పెరుగదు. పదార్థమంతయే యుండగా పొడుగు మాత్రము పెరుగును, పెరిగినకొలది సన్నమగును. చేంతాటికిని దీనికిని గల మూలభేదమిదియే. త్రాడు పొడుగైనచో నార యధికముగ నున్నదని యర్థము. పాకము పొడుగైనచో లాగినవాని చేయి బలమైనదని మాత్రమే యర్థము.

5. వాక్యమున నడక

ఈ భేదమును భాష తన వ్యాకరణమున భద్రపఱచుకొన్నది. చేంతాడునకు "అంత" అను పరిమాణార్థకము చేరును: చేంతాడంత జాబితా, చేంతాడంత జడ, చేంతాడంత వరుస, చేంతాడంత యుత్తరము. జీడిపాకమునకు "అంత" చేరదు. "జీడిపాకమంత జాబితా" అని యెవ్వరు ననరు. దానికి "వలె", "లాగున", వ్యవహారమున "లా" చేరి క్రియతో నన్వయించును: విచారణ జీడిపాకమువలె సాగుచున్నది, వ్యాజ్యము, కట్టడపు పని, సంప్రదింపులు జీడిపాకమువలె సాగుచున్నవి. కావున మొదటిది కొలతను జెప్పు మాట. రెండవది రీతిని జెప్పు మాట. మొదటిది తఱచుగా కంటి యెదుట పఱచుకొన్నదానికి జెల్లును. రెండవది కాలమున జరుగుచున్నదానికి జెల్లును. జాబితా పూర్తియైన పిమ్మటనే చేంతాడంత యగును. విచారణ పూర్తి కానంతవఱకే జీడిపాకము.

"ఉపన్యాసము కొండవీటి చేంతాడువలె సాగినది" అని కూడ ననుచున్నారు గదా యని యాక్షేపింపవచ్చును. నిజమే. కాని యిచటను ముగిసిన యుపన్యాసముయొక్క పొడుగే వివక్షితము. జరుగుచున్న యుపన్యాసమున వక్త చెప్పినదే చెప్పుచున్నచో శ్రోత పెదవులపైకి వచ్చునది జీడిపాకమే. వ్యవహారమున నెల్ల పొలిమేరలును ఒక్కొక్కచో దాటబడును. దాటుట పొలిమేర లేదనుటకు సాక్ష్యము కాదు.

సంస్కృతముతో బోల్చినచో నింకొక మెఱుగు తెలియును. శాంతిపర్వమున మూడు చేపల కథ గలదు. తిక్కన తెనుగున దీర్ఘదర్శి, ప్రాప్తకాలజ్ఞుడు, దీర్ఘసూత్రుడు అని వాని పేర్లు. మడుగులోని నీరు తరలింపబడుచుండగా దీర్ఘసూత్రుడు జాగుచేసి చెడెను. దీర్ఘసూత్రత యన్నను పొడుగైన నూలే. అయినను సంస్కృతమాదోషమును జాగుచేయు వ్యక్తికి గట్టినది. తెలుగు చేంతాడు పొడుగును వస్తువునకు గట్టినది. జీడిపాకము రెంటికి నడుమ నిలిచి, లాగువాని పేరు చెప్పకయే లాగబడుచున్నదని చెప్పినది. కర్త నెఱిగియు నాతని పేరు చెప్పవలనుపడని వ్యవహారములలో, అనగా విచారణలందును ప్రభుత్వపు పనులందును, పత్రికలకీ మాట ప్రియమగుటకు కారణమిదియే.

6. విమర్శయందు వినియోగము

ఇపుడు గ్రంథముల విషయము. పెద్ద గ్రంథమును చూచినంతనే చేంతాడనియు జీడిపాకమనియు గలిపి పలుకు సమీక్షకుడు అడుగవలసిన ప్రశ్న నడుగకుండుచున్నాడు. పొడుగైనదా, సాగదీయబడినదా? ఈ రెండును రెండు ప్రశ్నలు. పొడుగైనదానిని గూర్చి తుదను నీరున్నదా యని చూడవలెను. సాగదీయబడినదానిని గూర్చి పదార్థమెంత యని చూడవలెను.

కాటమరాజు కథలను దీసికొందము. గొల్లవారి వీరగాథలైన యీ కథాచక్రమును పెక్కురాత్రులు పాడుదురు. కఱవువలన మేత లేక ఆలమందలు దక్షిణమునకు దరలుట, నెల్లూరి నల్లసిద్ధితో పుల్లరిని గూర్చిన యొడంబడిక, దానినుండి పుట్టిన యుద్ధము ఇందలి వస్తువు. ఒక్కొక్క వీరునకొక కథ, ఒక్కొక్క యావునకొక ప్రస్తావన. అచ్చుపుటలలో జదువువానికిది చేంతాడంత యగుట నిక్కము. కాని యీ పొడుగు నారగల పొడుగు. ఒక కథ తీసివేసినచో త్రాడు కుఱుచయగును, చేద నీటినందదు. దీనిని జీడిపాకమనుట తప్పుడు తీర్పు. ధర్మవరము దాపున నున్న నిమ్మలకుంట మొదలగు నూళ్ల తోలుబొమ్మలాటయు నట్టిదే. తెల్లవార్లు సాగు నాటను గంటకు గుదించి వేదికపై జూపినపుడు కథ మిగులును గాని రాత్రి మిగులదు.

అంత మాత్రమున సాగదీతయంతయు దోషమనియు ననరాదు. జీళ్లు చేయువాని పనిని మఱల జూడుడు. లాగనిచో బెల్లపుపాకము నల్లగ, ఱాయివలె గట్టిగ నుండును. లాగి మడిచినకొలది గాలి చేరి రంగు తేఱును, గుల్లబాఱును, పంటికి మెత్తనగును. బెల్లము పెరుగకపోయినను జీడి పుట్టినది. హరిదాసు కథ నాపి పిట్టకథ యెత్తుకొనుట యిట్టి లాగుడే. అందు కథ ముందునకు జరుగదు, అయినను వినువాని మనసు మెత్తబడును. కావున రెండవ ప్రశ్నకు తోడుగ మూడవది గలదు: లాగినందువలన రంగు మాఱినదా? వారపత్రికయందు వారమువారము వెలువడు నవలలోను, దూరదర్శనమున నేండ్లతరబడి నడచు ధారావాహికలోను మనము తప్పుబట్టవలసినది లాగుటను గాదు, లాగినను రంగు మాఱకుండుటను.

ఒక పరిమితి నొప్పుకొనవలెను. విసుగనునది గ్రంథమునందే యుండదు. కొంత చదువరియందును గలదు. అలసినవానికి చెలమయు లోతే. అందుచేతనే ఉపమానమును తీర్పుగా వాడుటకు ముందు పరీక్షగా వాడవలెనని నా మనవి.

7. త్రాడు పోయిన పిమ్మట

ఇంతకును ఈ భేదము మాయమగుటకు కారణమేమి? చేంతాడే మాయమగుట. 1980 తరువాత అనంతపురము సీమయందు గొట్టపుబావులు విస్తరించి, భూగర్భజలము క్రిందికి దిగి, చేదబావులు పెక్కు లెండినవి. 1995-96లో శ్రీ సత్యసాయి త్రాగునీటి పథకము జిల్లాలోని వందల గ్రామములకు కొళాయినీరు దెచ్చినది. ఆడువారి చేతుల కాయలు మానుటకు దోడ్పడిన యీ మార్పును గూర్చి భాషాభిమానముతో విచారించుట అవివేకము. చేంతాడు పోవుట మేలే. కాని వస్తువు పోయినపుడు మాటలోని నీరు కూడ పోయినది. గొట్టపుబావిలో నీరు వందల అడుగుల లోతునకు దిగినను, మీట నొక్కువాని చేతికా లోతు తెలియదు. లోతు తెలియని చేతిలో చేంతాడు వట్టి పొడుగగును. వట్టి పొడుగు విసుగగును. విసుగు జీడిపాకముతో గలియును. రెండు మాటలు నొకటియైనవి. ఒకటియైనది మాటలు మాత్రమే కాదు. పెద్దదానిని వ్యర్థమైనదానినుండి వేఱుచేయు వివేకము కూడ మొద్దువాఱినది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశము, జిల్లా జిల్లాకును దిరిగి వస్తువుతో గూడ మాటను సేకరించు పద్ధతిని మనకు నేర్పినది. ఆ పద్ధతినే పలుకుబడులకును వర్తింపజేయవలసిన కాలమిది. పరిశోధక విద్యార్థులు పామిడివంటి యూళ్లకు బోయి చేదబావికడ నీరు దోడిన పెద్దవారిని పలుకరింపవలెను. త్రాటి పొడుగును బారలలో నెట్లు చెప్పుదురో, ముడికేమి పేరో, తెగిన త్రాటినిబట్టి వచ్చిన మాటలేవో, జీళ్లు లాగువాడు పాకమును దింపు ఘడియ నే మాటతో గుర్తించునో వ్రాసికొనవలెను. చేంతాడునకు "పొడుగైన త్రాడు" అని యర్థము వ్రాసి ముగించు నిఘంటువు చేదను నీటి కందింపక నడుమనే వదలినదగును. ఆ త్రాటిని చేతులతో నెఱిగిన తరము నేడింకను మన నడుమ గలదు. అడుగవలసిన పని మనది.